కళ్లు, నోరు ఎండిపోతుంటే అది షోగ్రెన్స్ అని తేల్చేదెలా? పెదవి బయాప్సీ ఎప్పుడు తప్పదు?

మిగతావాళ్లకు కూడా అర్థం కావాలి కాబట్టి మీరు రాసింది ముందు క్లుప్తంగా చెబుతాను. గుంటూరులో ఉంటున్న మీ అమ్మగారికి 49 ఏళ్లు. రెండేళ్లుగా కళ్లలో ఇసుక పడ్డట్టు మంట, నోరు పిడచగట్టుకుపోవడం. పక్కన నీళ్ల చెంబు లేనిదే రాత్రి పడుకోలేరు. ఏడాదిలో నాలుగు పళ్లు పుచ్చాయి. ఒకచోట ఆర్‌ఏ ఫ్యాక్టర్ పాజిటివ్ అని కీళ్లవాతానికి మందులు మొదలుపెట్టారు. ఇంకోచోట ఏఎన్ఏ (సొంత కణాల మీదే తయారయ్యే యాంటీబాడీల కోసం చేసే రక్తపరీక్ష) నెగటివ్ కాబట్టి ఆటోఇమ్యూన్ జబ్బేమీ, అంటే రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే తిరగబడే జబ్బేమీ, లేదన్నారు. మూడో డాక్టరు షోగ్రెన్స్ (కన్నీటి, లాలాజల గ్రంథులను పాడుచేసే ఆటోఇమ్యూన్ జబ్బు) అనుమానించి పెదవి లోపలి నుంచి ముక్క తీసి చూడాలన్నారు. అది నిజంగా అవసరమా అని అడిగారు. పోయిన మే నెలలో కాళ్లు చచ్చుబడి ఆసుపత్రిలో చేరితే పొటాషియం 2.3 వచ్చిందనీ, వడదెబ్బ అన్నారనీ చివర్లో ఒక వాక్యం రాశారు. ఆ వాక్యం దగ్గరికి తర్వాత వస్తాను. నా దృష్టిలో మీ ఉత్తరం మొత్తంలో అదే ముఖ్యం.

ముందు పెదవి సంగతి. 2016లో అమెరికా, యూరప్ రుమటాలజీ సంఘాలు కలిసి పెట్టిన ప్రమాణాలనే ఇప్పుడు మన డాక్టర్లూ వాడుతున్నారు. అందులో ఐదు అంశాలకు మార్కులుంటాయి. రక్తంలో యాంటీ-ఎస్ఎస్ఏ, అంటే యాంటీ-రో అనే యాంటీబాడీ, ఉంటే 3. పెదవి ముక్కలో ఫోకస్ స్కోరు (లింఫోసైట్ కణాల గుంపుల లెక్క, కింద వివరిస్తాను) 1 గానీ అంతకు మించి గానీ ఉంటే 3. కన్నీళ్లను కొలిచే షిర్మర్ పరీక్షలో ఏ ఒక్క కంట్లోనైనా ఐదు నిమిషాలకు 5 మిల్లీమీటర్లు, లేదా అంతకు తక్కువ తడిస్తే 1. కంటికి రంగు మందు వేసి చూసినప్పుడు మచ్చల స్కోరు 12కి 5 గానీ ఎక్కువ గానీ వస్తే 1. నోట్లో ఊరే లాలాజలం నిమిషానికి 0.1 మిల్లీలీటరు దాటకపోతే 1. మొత్తం 4 రావాలి.

ఇప్పుడు కూడి చూడండి. కళ్లూ నోరూ ఎంతగా ఎండిపోయినా, ఆ మూడు పరీక్షలూ పాజిటివ్ వచ్చినా 3 దగ్గరే ఆగిపోతుంది. నాలుగో మార్కు రక్తమైనా ఇవ్వాలి, పెదవైనా ఇవ్వాలి. ప్రమాణాలను అలా రాయడానికి కారణముంది. ఎండిపోవడానికి సవాలక్ష కారణాలుంటాయి. ఈ జబ్బులో మాత్రం మన సొంత లింఫోసైట్ కణాలే (తెల్ల రక్తకణాల్లో ఒక రకం) కన్నీటి గ్రంథుల్లోకీ లాలాజల గ్రంథుల్లోకీ చొరబడి వాటిని పాడుచేస్తాయి. ఆ చొరబాటుకు సాక్ష్యం చేతిలో లేకుండా పేరు పెట్టేస్తే, అలర్జీ మాత్ర వల్ల నోరెండినవాళ్లు కూడా జీవితాంతం మందులు మింగాల్సి వస్తుంది.

కాబట్టి ఎస్ఎస్ఏ పాజిటివ్ వచ్చి, కన్నీటి పరీక్షో లాలాజలం పరీక్షో ఏదో ఒకటి దెబ్బతిని కనిపిస్తే, మీ అమ్మగారికి పెదవి కోయాల్సిన పని లేదు. ఎస్ఎస్ఏ నెగటివ్ అయితే మాత్రం బయాప్సీ తప్పదు. మీరు పంపిన కాగితాల్లో ఎస్ఎస్ఏ పరీక్ష ఎక్కడా లేదు. ముందు చేయించాల్సింది అదే.

ఏఎన్ఏ నెగటివ్ అన్నారు కదా, ఆ కాగితం మళ్లీ తీసి ఏ పద్ధతిలో చేశారో చూడండి. "ఎలైజా" అని ఉంటే ఆ ఒక్క ఫలితం మీద ఆధారపడి జబ్బు లేదనకూడదు. "ఐఎఫ్", "హెప్-2" అని ఉంటే అది మేలైన పద్ధతే, కానీ అందులో కూడా రో యాంటీబాడీ ఒక్కోసారి దొరకదు. స్లైడు తయారుచేసేటప్పుడు ఆ కణాల్లోని రో ప్రోటీన్ కొంత కరిగిపోవడమే కారణం. అందుకే లక్షణాలు ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు ఏఎన్ఏ నెగటివ్ అయినా "ఈఎన్ఏ" లేక "ఏఎన్ఏ ప్రొఫైల్" అనే బ్లాట్ పరీక్ష అడిగి చేయించాలి. విజయవాడ సూర్యారావుపేటలో గానీ గుంటూరు కొత్తపేటలో గానీ పెద్ద ల్యాబుల్లో దీనికి రక్తం తీసుకుంటారు. పరగడుపున వెళ్లాల్సిన పని లేదు.

ఆ రిపోర్టులో మూడు వరసలు చూడాలి. ఎస్ఎస్ఏ లేక రో-60, రో-52, ఎస్ఎస్‌బీ లేక లా. రో-60 పాజిటివ్ అయితే బలమైన సాక్ష్యం. రో-52 ఒక్కటే వస్తే తొందరపడకూడదు. కండరాల వాపు జబ్బుల్లో, కొన్ని ఊపిరితిత్తుల జబ్బుల్లో కూడా అది వస్తుంది. ఎస్ఎస్‌బీ ఒక్కటే వస్తే ఈ లెక్కలో మార్కు లేదు. "వీక్ పాజిటివ్" అని వచ్చినా అక్కడికక్కడ పేరు పెట్టేయకుండా, ఇంకో ల్యాబులో ఇంకో పద్ధతిలో చూపించుకోవడం మంచిది. ఒకసారి గట్టిగా పాజిటివ్ వచ్చాక మాత్రం ఆర్నెల్లకోసారి మళ్లీ మళ్లీ చేయించడం డబ్బు దండగ. జబ్బు పెరిగిందో తగ్గిందో ఆ అంకె చెప్పదు.

ఆర్‌ఏ ఫ్యాక్టర్ దగ్గర చాలామంది దారి తప్పుతారు. షోగ్రెన్స్ ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి అది పాజిటివ్ వస్తుంది. పైగా వేళ్ల కణుపుల్లో నొప్పులు కూడా ఉంటాయి కాబట్టి చూడగానే కీళ్లవాతం అనిపిస్తుంది. రుమటాయిడ్ కీళ్లవాతానికే ప్రత్యేకమైన యాంటీ-సీసీపీ పరీక్ష నెగటివ్ వచ్చి, చేతుల ఎక్స్‌రేలో ఎముక అంచులు తినేసినట్టు లేకపోతే రుమటాయిడ్ కీళ్లవాతం అనే నిర్ధారణను మళ్లీ చూడమని డాక్టర్నే అడగండి. ఈలోగా ఆ మందులు మీ అంతట మీరు ఆపకండి, ముఖ్యంగా అందులో స్టెరాయిడ్ ఉంటే. ఉన్నట్టుండి మానేస్తే ప్రమాదం.

మీరు ఫోటో తీసి పంపిన లివర్ పరీక్షలో ఎవరూ గీత గీయని ఒక వరస ఉంది. టోటల్ ప్రోటీన్ 9.1, ఆల్బుమిన్ 3.7. తీసేస్తే గ్లోబులిన్ 5.4. మామూలుగా అది 3.5 దాటకూడదు. ఒంట్లో వాపును సూచించే ఈఎస్ఆర్ 92, అలాంటిదే అయిన సీఆర్పీ మాత్రం మామూలుగానే ఉంది. తెల్ల కణాలు 3,600, అంటే తక్కువే. ఈ మూడూ ఒకేచోట కలిశాయంటే షోగ్రెన్స్ అనుమానం బాగా బలపడుతుంది. బి-కణాలు అదుపు తప్పి యాంటీబాడీలు గుట్టలుగా తయారుచేయడం వల్ల గ్లోబులిన్ పెరుగుతుంది, దాని వల్లే ఈఎస్ఆర్ ఎగబాకుతుంది. రక్తంలోని ప్రోటీన్లను విడదీసి చూసే సీరం ప్రోటీన్ ఎలక్ట్రోఫోరెసిస్ ఒకసారి చేయించండి. గ్రాఫులో వెడల్పాటి దిబ్బలా వస్తే ఈ జబ్బుకు తగినట్టే. సన్నగా నిటారుగా ఒక శిఖరంలా వస్తే మైలోమా, లింఫోమా అనే రక్తకణాల క్యాన్సర్ల వైపు కూడా చూడాలి.

ఇక ఎండిపోవడాన్ని కొలవడం. "నోరెండుతోంది" అన్న మాటా, కొలిచిన అంకే ఒకటి కావు. కొలిచే తీరులో తేడా వస్తే ఫలితమే తారుమారవుతుంది. లాలాజలం పరీక్ష ఉదయం పూట చేస్తారు. అంతకు ముందు గంటన్నర పాటు తిండి, నీళ్లు, బ్రష్, వక్కపలుకు ఏమీ ఉండకూడదు. కుర్చీలో తల కాస్త ముందుకు వంచి కూర్చుని, మింగకుండా, దవడ కదపకుండా, నోట్లో ఊరినది ఊరినట్టు ముందే తూచిన చిన్న గ్లాసులోకి జారవిడవాలి. 15 నిమిషాలు. మొత్తం 1.5 మిల్లీలీటర్లు, అంటే దాదాపు 1.5 గ్రాములు, దాటకపోతే తక్కువ కింద లెక్క. నురగ ఉంటే కంటికి ఎక్కువ కనిపిస్తుంది కాబట్టి తూకమే నమ్మాలి. చూయింగ్ గమ్ నమిలించి కొలిస్తే అది వేరే పరీక్ష, ఆ అంకె ఇక్కడ పనికిరాదు.

షిర్మర్‌లో సన్నటి కాగితపు పట్టీ చివర మడిచి కింది రెప్పకు బయటి వైపు తగిలిస్తారు. మత్తు చుక్క వేయకుండా చేసిందే లెక్కలోకి వస్తుంది. మత్తు వేసి చేస్తే అంకె ఇంకా తగ్గి, లేని జబ్బు ఉన్నట్టు కనిపించొచ్చు. అందుకని రిపోర్టులో "వితౌట్ అనస్థీషియా, 5 నిమిషాలు" అని రాయించుకోండి. పరీక్షకు ముందు కొన్ని గంటలు చుక్కలు వేసుకోవద్దు, ఎన్ని గంటలో అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగండి. మచ్చల స్కోరుకు నల్లగుడ్డు మీద ఫ్లోరెసిన్, తెల్లగుడ్డు మీద లిస్సమిన్ గ్రీన్ అనే రంగు వాడతారు. ఈ రెండో రంగు ప్రతి కంటి క్లినిక్‌లోనూ ఉండదు. పెదకాకాని శంకర కంటి ఆసుపత్రి, తాడిగడప ఎల్.వి. ప్రసాద్ లాంటి పెద్ద కంటి ఆసుపత్రుల్లో కార్నియా విభాగానికి వెళ్లి, షోగ్రెన్స్ అనుమానమని ముందే చెప్పి చేయించుకుంటే రెండు కొలతలూ ఒకే పూటలో అయిపోతాయి.

ఇంతకన్నా ముందు మందుల డబ్బా ఒకసారి బోర్లించి చూడాలి. మిర్చి యార్డులో, కోల్డ్ స్టోరేజీల దగ్గర, కాయల తొడిమలు తీసే పనుల్లో ఉన్నవాళ్లు ఘాటుకు తుమ్ములొస్తున్నాయని రోజూ సెట్రిజినో అవిలో వేసుకుంటుంటారు. నోరు, కళ్లు ఎండడానికి అదొక్కటే చాలు. నిద్రకో నరాల నొప్పికో ఇచ్చే అమిట్రిప్టిలిన్, మూత్రం ఆగడం లేదని ఇచ్చే ఆక్సీబ్యుటినిన్, బీపీకి ఇచ్చే నీటి మాత్రలు కూడా ఇంతే. డాక్టరుతో మాట్లాడి, ఆపగలిగినవి ఆపి, వాటి ప్రభావం పోయాకే కొలవాలి.

షుగరు అదుపులో లేకపోయినా నోరెండుతుంది. హెపటైటిస్-సి, హెచ్ఐవీ, సార్కాయిడోసిస్, ఐజీజీ-4 జబ్బు, మెడకు తలకు ఇచ్చిన రేడియేషన్ అచ్చం షోగ్రెన్స్ లాగే కనిపిస్తాయి కాబట్టి, వాటిని కాదని తేల్చుకున్నాకే పై మార్కులు లెక్కలోకి వస్తాయి. హెచ్‌సీవీ, హెచ్ఐవీ పరీక్షలు రాశారంటే మీ అమ్మగారిని అనుమానించారని అనుకోవద్దు. అవి ఈ దారిలో తప్పనిసరి మెట్లు.

మన జిల్లాలో ఇంకో చిక్కుంది. కారం తినలేకపోవడం. మూడు పూటలా పచ్చడి మెతుకులు తిన్న మనిషి గోంగూర కూడా నోట్లో పెట్టుకోలేకపోతున్నారంటే, దానికి కారణాలు వేర్వేరుగా ఉంటాయి. వక్క, గుట్కా, ఖైనీ అలవాటుండి, నోరు మూడు వేళ్ల వెడల్పు కూడా తెరుచుకోకుండా బుగ్గలు బిగుసుకుంటుంటే అది సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్. నాలుక ఎర్రగా నున్నగా మారి పెదవుల మూలలు పగిలితే ఫంగస్ గానీ, ఐరన్, బి-12 లోపం గానీ కావచ్చు. షోగ్రెన్స్‌లో మంటతోపాటు పొడి తిండి దిగదు. అటుకులు, జంతికలు, సున్నుండ లాంటివి నీళ్లు తాగకుండా మింగలేరు. పళ్లు నమిలే చోట కాకుండా చిగురు అంచున, ముందు పళ్ల కొసల్లో పుచ్చుతాయి. మీ అమ్మగారి పళ్లు ఏ చోట పుచ్చాయో డెంటిస్టును అడిగి రాయించుకోండి. లాలాజలం తగ్గిన నోటికి ఫంగస్ కూడా తరచూ పడుతుంది, కాబట్టి ఒకటుంటే రెండోది లేదనుకోకూడదు.

బయాప్సీ చేయాల్సి వస్తే భయపడే పనేమీ లేదు, కానీ చేసే తీరు సరిగా ఉండాలి. కింది పెదవి లోపలి వైపు, మధ్య గీతకు పక్కగా మత్తు సూది ఇచ్చి, సెంటీమీటరు, సెంటీమీటరున్నర గాటు పెట్టి, పైపొర కింద ఉండే మెంతి గింజంత గ్రంథులు నాలుగు నుంచి ఆరు తీస్తారు. అరగంటలో ఇంటికి వెళ్లొచ్చు. రెండు మూడు రోజులు నొప్పి, వాపు ఉంటాయి. కొందరికి ఆ చోట తిమ్మిరి కొన్ని నెలలు ఉండిపోతుంది, అరుదుగా పూర్తిగా పోదు. ఈ సంగతి ముందే తెలిసి ఒప్పుకోవాలి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే చెప్పాలి. కుట్లు మానేవరకు చల్లారిన పెరుగన్నం, జావ.

చాలా బయాప్సీలు వృథా అయ్యేది కోతలో కాదు, కాగితంలో. పైపొర ముక్క మాత్రమే తీసి గ్రంథులు రాకపోతే మళ్లీ కోయాల్సిందే. గ్రంథులు వచ్చినా పాథాలజిస్టుకు ప్రశ్న స్పష్టంగా చేరకపోతే "క్రానిక్ సయలాడినైటిస్" (లాలాజల గ్రంథుల దీర్ఘకాల వాపు) అని రెండు ముక్కలు రాసి పంపుతారు. దాంతో ఏదీ తేలదు, ఎందుకంటే వయసు మీద పడ్డా, పొగ తాగినా గ్రంథులు అలాగే కనిపించవచ్చు. మనకు కావలసింది ఫోకస్ స్కోరు. మామూలుగా ఉన్న గ్రంథి కణాల పక్కన 50కి మించి లింఫోసైట్లు గుంపు కడితే దాన్ని ఒక ఫోకస్ అంటారు. 4 చదరపు మిల్లీమీటర్ల గ్రంథి కణజాలంలో అలాంటివి ఎన్నున్నాయో లెక్కపెట్టాలి. లెక్కకు కనీసం 8 చదరపు మిల్లీమీటర్ల గ్రంథి ఉంటే మంచిది. రిక్వెస్టు కాగితం మీద "షోగ్రెన్స్ అనుమానం, ఫోకస్ స్కోరు, గ్రంథి వైశాల్యం తెలపండి" అని డాక్టరు చేత రాయించండి. స్టెరాయిడ్ వాడుతున్నట్టయితే అది కూడా రాయాలి, ఫలితం మసకబారొచ్చు. తక్కెళ్లపాడు సిబార్ లాంటి డెంటల్ కాలేజీల్లో ముక్క తీసే ఓరల్ సర్జరీ, చూసే ఓరల్ పాథాలజీ ఒకే ప్రాంగణంలో ఉంటాయి కాబట్టి ఈ మాట అందడం తేలిక. ఇదివరకే ఎక్కడైనా చేయించి అస్పష్టంగా వచ్చి ఉంటే మళ్లీ కోయించకండి. ల్యాబు నుంచి స్లైడ్లు, మైనపు బ్లాకు అడిగి తీసుకుని ఇంకో పాథాలజిస్టుకు చూపించవచ్చు.

ఇప్పుడు ఆ పొటాషియం. మే నెలలో మన ఎండలకు సొమ్మసిల్లితే వడదెబ్బ అనుకోవడం సహజమే. కానీ పొటాషియం 2.3కి పడిపోయి కాళ్లు లేవకపోవడం, దానికి ముందు వాంతులు విరేచనాలు లేకపోవడం మామూలు వడదెబ్బ కాదు. షోగ్రెన్స్ కిడ్నీ గొట్టాల మీద పడితే, అవి రక్తంలోని ఆమ్లాన్ని మూత్రంలోకి పంపలేక, పొటాషియాన్ని వదిలేస్తాయి. దీన్ని డిస్టల్ ఆర్‌టీఏ అంటారు. నోరెండడం కంటే ముందే ఈ కాళ్ల చచ్చుతో జబ్బు బయటపడ్డవాళ్లు మన దేశంలో చాలామందే ఉన్నారు. కీళ్లవాతం మాటల్లో పడి ఎవరూ ఈ రెంటినీ కలిపి చూడలేదు.

దీనికి పరీక్షలు ఖరీదైనవి కావు. సోడియం, పొటాషియం, క్లోరైడ్, బైకార్బనేట్, క్రియాటినిన్, మూత్రం పీహెచ్, కిడ్నీల అల్ట్రాసౌండ్. బైకార్బనేట్ తగ్గి, క్లోరైడ్ పెరిగి, అయినా మూత్రం పీహెచ్ 5.5కి పైనే ఉంటే దాదాపు అదే. మూత్రం తాజాగా ల్యాబులోనే ఇవ్వాలి. ఇంటి నుంచి సీసాలో పట్టుకెళితే ఆ ఆలస్యానికే పీహెచ్ పెరిగిపోతుంది. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా అంకె నమ్మడానికి లేదు. అల్ట్రాసౌండ్‌లో రాళ్లు, సున్నం పేరుకోవడం చూడమని చెప్పాలి.

మళ్లీ ఎప్పుడైనా కాళ్లూ చేతులూ బరువెక్కి లేవలేకపోతే, ఊరి ఆర్‌ఎంపీ దగ్గర నీరసానికని గ్లూకోజ్ సీసా ఎక్కించొద్దు. గ్లూకోజుకు ఇన్సులిన్ పెరిగి, రక్తంలో మిగిలిన కాస్త పొటాషియం కూడా కణాల్లోకి వెళ్లిపోతుంది. గుండె లయ తప్పవచ్చు, ఊపిరి కండరాలూ బలహీనపడొచ్చు. 108కి ఫోన్ చేసి, ఈసీజీ, పొటాషియం వెంటనే చూసే క్యాజువాలిటీకి వెళ్లాలి. "ఇంతకుముందు 2.3 వచ్చింది, ఆర్‌టీఏ అనుమానం ఉంది" అని అక్కడ మొదటి మాటగా చెప్పండి. పొటాషియం సరిచేయకముందే బైకార్బనేట్ ఎక్కిస్తే అది ఇంకా పడిపోతుంది. అందుకే ఆ మాట ముందు చెప్పడం.

రుమటాలజిస్టు దగ్గరికి ఈ కాగితాలన్నీ, ఆ మే నెల డిశ్చార్జి సమ్మరీతో సహా పట్టుకెళ్లండి. నిర్ధారణ అయితే సీ3, సీ4 అనే రోగనిరోధక ప్రోటీన్లు కూడా చూస్తారు. చెవి కింద వాపు వచ్చి నెలలు గడిచినా తగ్గకపోవడం, కాళ్ల మీద ఎర్రటి చుక్కలు, సీ4 తగ్గడం, కారణం లేని జ్వరం, బరువు తగ్గడం ఉంటే లింఫోమా కోసం ప్రత్యేకంగా వెతకాలి. ఆ ప్రమాదం ఎక్కువమందికి రాదు, కానీ ఉన్నవాళ్లలో త్వరగా పట్టుకోవాలి. ఆగని పొడి దగ్గు, అరికాళ్ల మంట ఉంటే అవీ చెప్పండి. ఊపిరితిత్తులు, నరాలు కూడా ఈ జబ్బు దారిలో ఉన్నవే.

ఈలోగా కళ్లకు కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ 0.5 శాతం చుక్కలు వాడుకోవచ్చు. రోజుకు నాలుగుసార్లకు మించి వేయాల్సి వస్తే ప్రిజర్వేటివ్ లేని రకం కొనండి. మామూలు వాటిలో ఉండే బెంజాల్కోనియం క్లోరైడ్ ఎండిన కంటిని ఇంకా గాయపరుస్తుంది. ఎర్రదనం పోవడానికని మెడికల్ షాపులో ఇచ్చే స్టెరాయిడ్ చుక్కలు సొంతంగా వేయొద్దు. నోటికి నిమ్మకాయ బిళ్లలు చప్పరించడం మానిపించండి, లాలాజలం లేని నోట్లో పులుపు పళ్లను తినేస్తుంది. పిలోకార్పిన్ మాత్ర లాలాజలం పెంచుతుంది గానీ ఉబ్బసం, ఇరుకు కోణం గ్లకోమా ఉన్నవాళ్లకు పనికిరాదు. కాబట్టి డాక్టరు రాస్తేనే వాడాలి.

మీ చెల్లెలు అయిదో నెల గర్భిణి అని రాసి, ఆవిడకూ పరీక్ష చేయించాలా అని అడిగారు. అమ్మగారికి ఎస్ఎస్ఏ ఉన్నంత మాత్రాన మీ చెల్లెలి కడుపులో బిడ్డకు ప్రమాదం లేదు. ప్రమాదం ఉండేది మీ చెల్లెలి సొంత రక్తంలో ఆ యాంటీబాడీ ఉంటేనే, ఎందుకంటే అది మాయ దాటి బిడ్డ గుండెలోని విద్యుత్ మార్గాన్ని దెబ్బతీయగలదు. అలా ఉన్న తల్లుల్లో కూడా బిడ్డకు గుండె బ్లాక్ వచ్చేది వందకు ఒకరిద్దరికి. ఆవిడకు కళ్లు, నోరు ఎండడం, ఎండలో వెళితే ఒంటి మీద దద్దుర్లు, కీళ్ల వాపులు, మునుపటి కాన్పులో బిడ్డ గుండె నెమ్మదిగా కొట్టుకోవడం లాంటివేమైనా ఉంటే ఎస్ఎస్ఏ ఈ వారమే చేయించండి. పాజిటివ్ వస్తే 26వ వారం దాకా తరచూ బిడ్డ గుండె స్కాన్ చూస్తారు, హైడ్రాక్సీక్లోరోక్విన్ సంగతి రుమటాలజిస్టు, గైనకాలజిస్టు కలిసి నిర్ణయిస్తారు. లక్షణాలేవీ లేకపోతే అమ్మగారి జబ్బు సంగతి గైనకాలజిస్టు చెవిన వేయండి, ప్రస్తుతానికి అది చాలు.